కమాను పట్టీలు, జొన్నల మూట

ఏడుకొండలని జీపు తోలేవాడు ఒకడు. సంతకీ ఆసుపత్రికీ జనాన్ని చేరేసే పాత జీపు. మంచోడే గానీ ఆత్రమెక్కువ. వాడి పెళ్ళాం తిరపతమ్మ పురిటికని పుట్టింటికి పోయి ఆడపిల్లని కన్నది. ఇరవై ఒకటో రోజున పోయి చూసొచ్చాడు, అంతే. అయిదో నెల దాకా పంపం అన్నారు. ఆ అయిదు నెలలూ వాడు రోజూ పని కాంగానే జీపు కడిగేవాడంట. కడిగి, ముందు సీటు మాత్రం రెండోసారి తుడిచేవాడంట. ఆమె కూర్చునే సీటు మరి.

ఏమైందంటే, అయిదో నెల్లో మంచిరోజు పెట్టారు. తెల్లారితే మూఢం. మూఢం పడితే పసిబిడ్డతో బాలింత గడప దాటకూడదు గదా, ఇంక రెండు నెలలు ఆగాల్సిందే. ఆ రోజు పొద్దు వాలకముందే ఇంటికి తెచ్చుకోవాల. దోవ చూస్తే అంతా గుంతలు. ఖాళీ జీపులో పోతుంటే వాడి తలకాయే పైన కడ్డీకి కొట్టుకునేది. నాకే ఇట్టా ఉంటే పిల్ల మెడ ఏమైపోద్దిరా దేవుడా అనుకుని, కమాన్లు కట్టే మస్తాన్ సాయిబు దగ్గరికి పోయాడు. కమాన్లు తెలుసుగా, ఇరుసు కాడ వంచిన ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటయ్యే, అయ్యి. బండి బరువంతా వాటి మీదే. "తాతా, వెనక రెండు పక్కలా రెండేసి పట్టీలు పీకెయ్, బండి మెత్తగా పోవాల" అన్నాడు. సాయిబు నవ్వి, ఖాళీ బండి ఎప్పుడూ ఎగురుద్దిరా, బరువు పడితే అదే ఉయ్యాల మాదిరి ఊగుద్ది, పట్టీల జోలికి పోమాక అన్నాడంట. వింటాడా? "నువ్వు ఇనుము ఎత్తినోడివి తాతా, పసిపిల్లని ఎత్తావా ఎప్పుడన్నా?" అన్నాడు. "తొమ్మిది మందిని ఎత్తాన్రా ఎదవా!" అని, చెప్పినా వినేట్టు లేడని పీకిచ్చాడు. ఖాళీ జీపు తోలి చూసుకున్నాడు. ఎంత మెత్తగా పోయిందనుకో, తెగ మురిసిపోయాడు.

ఆ మురిపెంతోనే అత్తగారింటికి పోతే, వాకిట్లో సారె సిద్ధంగా ఉంది. బియ్యం బస్తాలు మూడు, కంది బస్తా, ఇత్తడి బిందెలు, టేకు ఉయ్యాల, అరిసెల డబ్బాలు. ఇయ్యి వద్దత్తా అనాలంటే పట్టీల సంగతి చెప్పాల. తనే ఒక బస్తా భుజానికెత్తుకున్నాడు. ఒక్కో బస్తా ఎక్కుతుంటే జీపు వెనక్కి కూర్చుంటా ఉంది. "బండి గొడ్డు మాదిరి కూలబడిందేంది అల్లుడా?" అంది అత్త నాగరత్తమ్మ. "కదిలితే లేస్తదిలే అత్తా" అన్నాడు. యాడ లేస్తది? సాగనంపేవాళ్ళు వాగు దాకా ఎనకే నడిచొస్తన్నారు. వాగు దిగుళ్ళో ఒక్క గుంత. ఠప్పుమంది! కమాను ఇరిగి, టైరు పోయి రేకుకి ఆనుకుంది. పిల్ల కెవ్వుమంది. ఏం కాలేదు, ఉలిక్కిపడింది, అంతే.

అత్త ఇరిగిన కమాను కేసి చూసింది, పొద్దు కేసి చూసింది. "దించండి. మూఢం పోయాక చూద్దాం" అంది. అప్పుడు చెప్పాడంట, పిల్ల అదిరిపోద్దని పట్టీలు తీయించానని. అత్త తల కొట్టుకుంది. తిరపతమ్మ మాత్రం తిట్టలేదు. "ఖాళీ బండి తోలి చూసుకున్నావా బావా? మేమిద్దరం ఉంటామనే తట్టలేదా నీకు?" అంది. పిల్లనెత్తుకుని ఎనక్కి నడిచింది. వాడు ఇరుసు మీద మొద్దు పెట్టి, తాడుతో బిగించి, ఒక్కడే ఇంటికొచ్చాడు. మర్నాడే వానలు పట్టుకున్నయ్యి. వాగు నిండింది. ఇంక పోయి చూసొచ్చే దారీ లేదు.

సాయిబు కొత్త పట్టీ ఏసి, తీసినయ్యి కూడా బిగించాడు. అప్పుడు వీడేం చేశాడంటే, ఆమె ఎంత బరువుంటదో అంత వడ్ల బస్తా ముందు సీట్లో కూర్చోబెట్టాడు. దాని మీద చిన్న గుడ్డలో జొన్నలు కట్టి, మూట పెట్టాడు. ఎనకాల సారెకి బదులు రాళ్ళు. అట్టా రోజూ గుంతల దోవన తోలడమే. గుంతొస్తే "మెల్లిగా పోతన్నాలే" అని బస్తాకి చెప్తాడంట. జనం నవ్వారు. "ఏరా, వదిన పలకట్లేదా?" అని ఎక్కిరిచ్చారు. నవ్వితే నవ్వారులే అనుకున్నాడు. పైగా వారం వారం ఆ మూట ఇప్పి, దోసెడు జొన్నలు పోసి మళ్ళీ కట్టేవాడంట. ఎందుకురా అంటే, పిల్ల పెరుగుద్ది గదా అన్నాడంట.

మూఢం పోయింది, వాగు తీసింది. ఈసారి మొత్తం సారె ఎక్కించినా జీపు కూలబడలేదు. ఎక్కబోతా తిరపతమ్మ పిల్లని వాడి చేతుల్లో పెట్టింది. వాడు ఎత్తుకుని, చేతుల్లోనే పైకీ కిందకీ తూచి చూశాడు. "ఏంది బావా?" అంది. "రెండు దోసిళ్ళు తక్కువ పోశానే" అన్నాడంట, కళ్ళు తుడుచుకుంటా. ఆమెకేం తెలుసు, మూటా జొన్నలూ? దోవంతా చెప్పుకుంటా వచ్చాడు. చెప్పేదయ్యేలోపు పిల్ల నిద్రపోయింది, ఊళ్ళోకొచ్చిందాకా లేవలేదు.

నేనూ ఎక్కాన్లే ఆ జీపు, మొన్న సంతకి. ఇంకెవరూ లేరు. నడుం ఇరగ్గొట్టాడు సచ్చినోడు. అడిగితే, "ఖాళీ బండి గదా పిన్నీ" అంటాడు.