స్తంభం నీడన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు

2013 జూలైలో ఆసుపత్రి బస్సును ఆపేయకపోయి ఉంటే సువార్త మరికొన్నేళ్లు బతికేది. ఆ బస్సు అనవసరమని నివేదిక రాసి సంతకం పెట్టినవారు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు శ్రీ మల్లికార్జున గారు. సువార్త మన అనంతపురం డిపోలో యాడికి అనే ఊరి బస్సు నడిపే ఐజాక్ భార్య. ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఐజాకే. అభినందన సంచికలో వ్యాసాలు ఇలా మొదలు కావని అతనికి తెలుసు. కానీ మల్లికార్జున గారే డిపో గేటు దగ్గర అతన్ని ఆపి అడిగారు. "నన్ను పొగిడేటోళ్లు పదిమంది ఉండారు. నువ్వు మాత్రం ఆ మాట మొదట రాయి, ఐజాక్. తర్వాత నీ ఇష్టం."

శ్రీ మల్లికార్జున గారు 1989 నవంబరు 17న మన డిపోలో కండక్టరుగా చేరారు. స్వగ్రామం శింగనమల. తండ్రిది మెట్ట సేద్యం. నాలుగేళ్లలో మూడేళ్లు వేరుశనగ ఎండిపోయే చేను వారిది. అందుకే కాబోలు, ఏ పని తలపెట్టినా ముందు మబ్బు చూసినట్టు చూసి, ఆ తర్వాతే మాట్లాడేవారు. కండక్టరుగా ఉన్న పన్నెండేళ్లూ ప్రయాణికులను ప్రశ్నలు అడగడం ఆయనకు అలవాటు. ఎక్కడికి పోతున్నారు, ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరారు, తిరిగి ఎట్లా వస్తారు అని వరుసగా అడిగేవారు. కొందరు విసుక్కునేవారు, కొందరు వంశ చరిత్ర చెప్పేవారు. ఆయన రెండూ ఒకే ఓపికతో వినేవారు.

2001లో బస్టాండు కంట్రోలరయ్యారు. 2010లో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరయ్యారు. అప్పటికే అనంతపురం రోడ్లు ఆటోలతో, మోటారు సైకిళ్లతో బిగిసిపోతున్నాయి. బస్టాండు నుంచి ఊరి చివర ఆసుపత్రికి అరగంటకొకటి చొప్పున నడవవలసిన బస్సు గంటకొకటి వచ్చేది. ఒక్కోసారి రెండూ కలిసి వచ్చేవి. పైనుంచి ఉత్తరువు రాగా మల్లికార్జున గారు మూడు రోజులు ఆ బస్సు వెనక సీటులో కూర్చుని తలలు లెక్కపెట్టారు. సగటున పదకొండు మంది తేలారు. ఆ లెక్కలో మోసం లేదు. బస్సు ఆగిపోయింది.

ఆయన చేసిన తప్పు మన శాఖ మొత్తానికీ అలవాటైన తప్పు. ఎక్కినవాడే మనకు ప్రయాణికుడు. చూసి చూసి విసిగి ఆటో ఎక్కి వెళ్లిపోయినవాడికి మన కాగితాల్లో చోటు లేదు.

సువార్తకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. బస్సు ఉన్నప్పుడు ఇంటి ముందు ఎక్కి ఆసుపత్రి ముందు దిగేది. బస్సు పోయాక రెండు ఆటోలు మారాలి. ఒక్కో ఆటోలో పదిమంది. తిరిగి వచ్చేటప్పుడు నిలబడే శక్తి ఉండదు. ఐజాక్ తెల్లవారకముందే యాడికి డ్యూటీ ఎక్కేవాడు. మూడుసార్లు పోవలసిన మనిషి రెండుసార్లతో సరిపెట్టుకుంది. 2015 మార్చిలో చనిపోయింది.

సమాధి దగ్గరికి డిపో వాళ్లందరితో పాటు మల్లికార్జున గారూ వచ్చారు. మట్టి వేయడం అయ్యాక ఐజాక్ ఆయన దగ్గరికి వెళ్లి ఒకే మాట అడిగాడు. "మూడు దినాలు బస్సులో కూర్చున్నారు సార్. ఒక్క పూట స్టాపులో నిలబడినారా?"

ఆయన సోమవారం నుంచి వారం రోజులు సెలవు పెట్టి సువార్త బస్సెక్కిన స్టాపులో నిలబడ్డారు.

ఆసుపత్రి బస్సు లేకపోయినా మార్కెట్టు బస్సు అదే స్టాపు మీదుగా వెళ్లేది. అక్కడ పైకప్పు లేదు, కూర్చోవడానికి బల్ల లేదు, ఒక కరెంటు స్తంభం ఉండేది. జనం ఆ స్తంభం నీడ వెంట ఒకరి వెనక ఒకరు నిలబడేవారు. ఎండ ఎక్కేకొద్దీ నీడ పొట్టిదయ్యేది. నీడతో పాటు వరుస కూడా పొట్టిదయ్యేది. చివరన ఉన్నవాళ్లు ఎండలోకి వచ్చి ఆటోను పిలిచేవారు. పదకొండు గంటలకు నీడలో ఇద్దరు మిగిలేవారు. ఆ ఇద్దరే బస్సు ఎక్కేవారు. తాను 2013లో లెక్కపెట్టింది స్టాపు స్టాపుకూ ఇలా మిగిలినవాళ్లనే అని మల్లికార్జున గారికి అక్కడ తెలిసింది.

మూడో రోజు జరిగిన సంగతి డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మారెక్క అనే ఆమె మునక్కాయల గంపతో పావుగంట చూసి, గంప నెత్తికెత్తుకుని మార్కెట్టు దారి పట్టింది. మల్లికార్జున గారు గడియారం చూసుకుని వెంట నడిచారు. కొంత దూరం ఓర్చుకుని ఆమె వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, నా యెంబడి వస్తాండావు? మునక్కాయలు కావాల్నా, తన్నులు కావాల్నా?"

"బస్సు ముందు పోతాదో నువ్వు ముందు పోతావో చూస్తాండా, అక్కా."

ఆమె నవ్వి గంప దించింది. "అట్లయితే ఇది నువ్వెత్తుకో. నేను చేతులూపుకుంటా నడుస్తా. బరువుతో కూడా బస్సు ఓడిపోతాదేమో చూద్దాం."

ఆయన ఎత్తుకున్నారు. మధ్యలో రెండుసార్లు గంప దించి మెడ నిమురుకున్నారు. మారెక్క ఆ రెండుసార్లూ ఆయన్ని ఎగతాళి చేసింది. వాళ్లు మార్కెట్టు చేరిన తొమ్మిది నిమిషాలకు బస్సు వచ్చింది.

గంప కింద నుంచి ఆయన ఇంకొకటి చూశారు. మార్కెట్టు బస్సు ఇరుక్కుపోయింది బస్టాండు మలుపులో. మరునాడు మలుపులోనే నిలబడి కారణం వెతికారు. తాడిపత్రి నుంచీ కదిరి నుంచీ వచ్చే మన బస్సులు బస్టాండులోకి పోకముందే మలుపులో ఆగి జనాన్ని దింపుతున్నాయి. దిగినవాళ్ల కోసం ఆటోలు రెండు వరుసల్లో కాచుకుని ఉన్నాయి. వాటి వెనక ఊరంతా ఆగి ఉంది. ఊళ్లో అందరూ రోడ్డు వెడల్పు చేయాలని అంటున్న రోజులవి. అలా చేస్తే ఆటోల వరుసలు మూడవుతాయి, అంతే తేడా అని ఆయన పై అధికారులకు లేఖ రాశారు. యాభై మందిని ఒక బస్సు మోస్తుంది. అదే యాభై మంది ఆటోలెక్కితే వీధి చాలదు. ముందు బస్సును కదలనిస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు అని ఆ లేఖ సారాంశం.

డిపో గేటు దగ్గర సిబ్బందితో పెట్టే మీటింగులో, మలుపు దగ్గర ఎవరూ బస్సు ఆపవద్దని ఆయన చెప్పినప్పుడు మొదట అడ్డు చెప్పింది ఐజాకే.

"దింపకుంటే తిడతారు సార్. ముసలోళ్లు, చంకన బిడ్డలు. బస్టాండు నుంచి మళ్లీ యాడ నడిచొస్తారు?"

"నూరడుగులు, ఐజాక్. ఆ నూరడుగులు మిగల్చాలని నీ యెనకాల ఎంతమందిని ఎండలో ఆపినావో ఒకసారి దిగి చూడు."

ఐజాక్ వెళ్లి గంటసేపు నిలబడి చూశాడు. ముప్పై ఎనిమిది బస్సులు ఆగాయి. పందొమ్మిదేళ్లుగా అతనూ అక్కడే బ్రేకు వేస్తున్నాడు, పుణ్యమనుకుని. ఆ వెనక నిలిచిపోయిన బస్సుల్లో ఆసుపత్రి బస్సు కూడా ఉండేది.

ఆ తర్వాత నలభై రోజులు మల్లికార్జున గారు పచ్చజెండా పట్టుకుని మలుపులో నిలబడ్డారు. తిట్లు ఆయనే తిన్నారు. మార్కెట్టు బస్సు సమయానికి వచ్చింది. నీడ పొట్టిదైనా వరుస చెదరలేదు. ఆసుపత్రి బస్సును మళ్లీ వేయాలని ఆయన రాసిన మొదటి లేఖకు బస్సులు లేవని జవాబు వచ్చింది, రెండో లేఖకు జవాబే రాలేదు. పదేళ్లు రాస్తూనే ఉన్నారు. అరగంటకొకటి చాలదు, జనం గడియారం చూడనక్కరలేనట్టు ఇరవై నిమిషాలకొకటి కావాలని ప్రతి లేఖలోనూ అడిగారు. పదవీ విరమణ లోపల అది జరగకపోతే ఇంకెవరూ అడగరని ఆయనకు తెలుసు.

2026 జనవరి 12న ఆ బస్సు మళ్లీ కదిలింది. మొదటి ట్రిప్పుకు ఐజాక్ కావాలని ఆయనే కోరారు. ఆ రోజు ఆయన లోపల కూర్చోలేదు. స్టాపులో నిలబడి, అందరూ ఎక్కిందాకా చూసి, చివర్న ఎక్కారు. ఆసుపత్రికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. దిగి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఐజాక్, ఏమన్నా అంటావా?"

"టైమయింది సార్. పక్కకు జరగండి."

ఆయన జరిగారు. బస్సు వేళ తప్పలేదు.

శ్రీ మల్లికార్జున గారు, వారి సతీమణి శ్రీమతి చెన్నమ్మ గారు శింగనమలలో చల్లగా, ఆరోగ్యంగా నూరేళ్లు ఉండాలి. మలుపులో నిలబడి అరిగిన ఆ మోకాళ్లు ఇంకా చాలా దూరం నడవాలి. ఎక్కడ నలుగురు ఎదురుచూస్తుంటే అక్కడ ఆగి, ఎంతసేపైందని ఆయన అడుగుతూనే ఉండాలి. ఆసుపత్రి బస్సును ఆయన ఎప్పుడైనా ఎక్కితే ఊరికే చూసి రావడానికే ఎక్కాలి.

ఈ వ్యాసంలోని మొదటి వాక్యాన్ని ఐజాక్ వెనక్కి తీసుకోడు. తాను వేసిన బ్రేకునూ మాఫీ చేసుకోడు. కానీ ఆ లెక్క ఇద్దరి మధ్యా ఇక్కడితో ముగిసింది కాబట్టి, ఆ సంగతి ఇకమీదట ఎవరు ఎత్తినా, మల్లికార్జున గారే వచ్చి అడిగినా, అతను మాట్లాడడు.