ఒకటే అకౌంటు

శిక్షణ మంజూరైందని ఫోన్ రాగానే, తిరుత్తణిలోని ఒక మహిళా సేవాసంస్థ ఆఫీసులో పనిచేసే కొత్త పెళ్లికూతురు, అత్తగారిచ్చిన మురుకుల డబ్బా తెరిచి సీనియర్ అక్క ముందు పెట్టింది.

"తీసుకో అక్కా. రేపటినుంచి మనకు ఏఐ నేర్పిస్తారంట, ఫ్రీగా."

"నేర్చుకోకనే వాడతా ఉండావు గదా. కండిగై ఊరామె పోలీసులకిచ్చే మను, అదే ఆ అర్జీ, దాంట్లోనేనా రాసింది?"

"అవునక్కా. మొగుడు కొట్టేదంతా చెప్తే ఎంత బాగా రాసిచ్చిందో."

"దాంట్లో ఆమె పేరు పెట్టినావా?"

"పెట్టినాను. ఏమి?"

"దుడ్లు లేవని అందరమూ ఒకటే అకౌంటు వాడతా ఉండాము. పొద్దున మన వ్యాను డ్రైవరు నువ్వు రాయించింది తెరిచి చదివినాడు. వాడు ఆమె మరిది."

పెళ్లికూతురు డబ్బా పక్కన పెట్టి ఫోను తీసింది.

"ఇప్పుడే తుడిచేస్తాను."

"నేను తుడిచేసినాను. చదివినోడు చదివేసినాడు గదా. అన్నకు చెప్పనని ఒట్టేసినాడు, నాకు నమ్మకం లేదు."

"నన్ను నమ్మి చెప్పిందక్కా. తెలిస్తే ఆ మొగుడు ఆమెను బతకనీడు."

"వాడు లారీతో ఎలవూరు చెక్‌పోస్టు దాటినాడంట. రేపు సాయంత్రంగాని రాడు. నేను పోయి ఆమెకు చెప్పొస్తా."

"వద్దు, తప్పు నాది. నువ్వు ట్రైనింగులో కూచోని, పేర్లు దాచేది ఎట్లనో ముందు అడుగు."

"మరి నువ్వు?"

"పొద్దున ఫస్ట్ బస్సుకు కండిగై పోయి, ఆమెను, బిడ్డల్ని మా ఇంటికి పిలుచుకొస్తాను."

"మీ అత్త ఒప్పుకుంటుందా?"

"ఇంటికి పోతానే అడుగుతాను. ఒప్పుకోకపోయినా పిలుచుకొస్తాను."