ఆ మాటకు అర్థం అది కాదని చెప్పు

హలో… ఆ, నేనేనమ్మా లోబార్, కరొమత్‌ని. మోహిరా అత్తగారిని… బాగున్నాం తల్లీ. మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?… అయ్యో పాపం.

లేదు, మోహిరాకి జ్వరమేం లేదు. నేనే పంపడం లేదు నీ ఇంగ్లీషు క్లాసుకి… అదే చెబుదామని చేశాను.

నీ దగ్గర చేర్చినప్పుడు నేనేం అడిగాను? మా ఇంట్లో అద్దెకు దిగే విదేశాల వాళ్ళతో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలన్నాను. తువ్వాలు ఎక్కడుంది, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి, మెట్లు జాగ్రత్త… అవునా? మరి నువ్వేం నేర్పావు?

…ఆ, చెప్పిందిలే. మాటలు బట్టీ పట్టకూడదట. ఒక్కో మాటని పిండి పిసికినట్టు వారమంతా పిసకాలట. దానికి చుట్టం ఏ మాట, శత్రువు ఏ మాట, ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు… చివరికి మీ ఇంట్లోంచే ఒక ఉదాహరణ చెప్పండి అన్నావట. మా ఇంట్లోంచి.

…విను. పోయిన శుక్రవారం ఒక ముసలావిడ దిగింది. ఏదో చలిదేశం, ఆవిడా పూర్వం టీచరేనట. పొద్దున్నే మోహిరా రొట్టె, ఆప్రికాట్ జామ్ వడ్డిస్తోంది. ఆవిడ ముచ్చటపడి, మీ కోడలు ఎంత సైలెంటో అంది. ఆ మాట నాకూ తెలుసు, నవ్వాను… ఇది తల వంచుకుని పోవచ్చుగా? టీ కూజా కింద పెట్టి, సైలెంట్ కాదు, సైలెన్స్‌డ్ అంది.

…ఆ. అంతే అంది.

ఆవిడ కప్పు కింద పెట్టింది. తర్వాత తన ఫోన్‌లో ఏదో చెప్పి నా ముందు పెట్టింది. ఆ ఫోన్ మన భాషలో చదివింది, మగగొంతుతో— 'మీ కోడలి నోరు ఎవరు మూయించారు?' అని. వాళ్ళ గైడు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఆవిడ వేరే చోటికి మారిపోయింది. ఇక మీ ఇంటికి ఎవరినీ తీసుకురాను పిన్నీ, నాకు మాటొస్తుంది అన్నాడు వాడు. బుఖారా అంతా తిరిగే మనిషి, ఎవరెవరి చెవిన వేశాడో.

…అవును. తనంతట తాను ఊరుకుంటే సైలెంట్. ఇంకొకరు నోరు నొక్కితే సైలెన్స్‌డ్. నువ్వు చెప్పిందేగా? చివర ఒక్క 'డ్' తగిలించి నేరం తెచ్చి నా నెత్తిన పెట్టావు.

…నిజమా అంటే? ఏం నిజం? పుట్టింటికి రోజూ ఫోన్ చేయొద్దన్నాను. మగవాళ్ళు తింటుంటే మాట కలపొద్దన్నాను. పాడొద్దన్నాను, అతిథులకి నిద్రాభంగమని. మా అత్తగారు నాతో కంటిసైగతోనే చాకిరీ చేయించింది. నేను చచ్చానా?

…సరే, ఇప్పుడు సంగతి. దాన్ని పుట్టింట్లో దింపి వచ్చేస్తానంటున్నాడు మా అబ్బాయి బొతిర్… మనవడా? వాడెందుకు వెళతాడు? వాడు మా ఇంటి బిడ్డ… ఏడవకు. నేనూ ఆడదాన్నే. అది వసారాలో నిలబడింది, అక్కడికెళ్ళి స్పీకర్ పెడతాను. నువ్వే చెప్పు. ఆ మాటకు అర్థం అది కాదు, నేనే తప్పు నేర్పాను, నెమ్మదస్తురాలు అని మాత్రమే అర్థం… అని.

…అబద్ధమా? ఒక కాపురం కంటే ఒక మాట ఎక్కువా నీకు?… చెప్పు, చెబితే చూద్దాం.

…స్పీకర్ పెట్టాను. ఇంగ్లీషులో వద్దు. మన భాషలో.

…గట్టిగా తల్లీ. ఇక్కడ సరిగ్గా వినపడలేదు.

…

ఆ. విన్నావుగా మోహిరా? మీ టీచరే అంటోంది.

…స్పీకర్ తీసేసి పక్కగదిలోకి వచ్చాను, చెప్పు… ఏమంటుంది, గడప మీద కూలబడింది. ఇన్నాళ్ళూ నేనెంత తిట్టినా కంట చుక్క రాలేదు దానికి. నీ మాటకి ఏడుస్తోంది.

ఒక్క నిమిషం… బొతిర్, ఆ పెట్టె కారులో పెట్టు నాయనా.

…ఉంచుకుంటానన్నానా? ఎప్పుడు? చూద్దాం అన్నాను. చూద్దాం వేరు, ఉంచుకుంటాం వేరు. మాటలు చెప్పుకుని బతికేదానివి, నీకు నేను నేర్పాలా?

…మరెందుకు చెప్పించానంటే, ఆ గైడు వసారాలోనే కూర్చుని ఉన్నాడు. టీకి పిలిచాను. స్పీకర్‌లో నువ్వన్నది విన్నాడు. రేపు వాడే చెబుతాడు, టీచరు పొరపాటున నేర్పిందట, కోడలు తెలియక అనేసిందట… ఇక ఆ మాటే నలుగురిలో తిరుగుతుంది.

…అరవకు. బాబు నిద్రపోతున్నాడు… పాలు మాన్పే వయసే. రెండు రోజులు ఏడుస్తాడు, మూడోనాడు మరిచిపోతాడు. ఎంతమందిని చూడలేదు నేను.

…ఆ, ఎక్కింది. వెనక సీట్లో. చున్నీ ముఖం మీదికి లాక్కుంది.

…ఫోన్ దానికి ఇవ్వాలా? ఏం చెబుతావు, ఇందాకటిది అబద్ధమనా? ఇప్పుడు చెబితే నమ్ముతుందా అది?… కారు మలుపు తిరిగిపోయిందమ్మా.

…అదిగో, లేచాడు. వస్తున్నా నాన్నా, వస్తున్నా… లేదురా, నేను. నానమ్మని… ఇటు చూడు, ఇటు… అటు కాదు, తలుపు వైపు కాదు…

ఉంటాను తల్లీ. వీణ్ణి ఊరుకోబెట్టాలి.