అత్త చదివిన చీటి

(సిరిసిల్ల సర్కారు దవాఖాన. నక్సలైట్ల కోసం పోలీసులు పగలూ రాత్రీ ఇళ్లు సోదా చేస్తున్న రోజులు. ఆరేళ్ల జమున బల్ల మీద పడుకుని ఉంది. పక్కన తల్లి సుమిత్ర, నాయనమ్మ నర్సవ్వ, డాక్టరు, నర్సు రూతమ్మ.)

"మా అత్తమ్మనే అడుగుండ్రి సార్. మా ఇంట్ల పెద్ద డాక్టరు ఆమెనే. కడుపునొస్తే ఇంగువ, జరమస్తే దిష్టి, నెత్తిల పేనుంటే... ఇగో, బిడ్డను గిట్ల మీ బల్ల మీద పండవెట్టుడు. ఫీజు గూడ తీస్కోదు."

"ఫీజు సంగతి తర్వాతమ్మా. పాప తలకు ఏం రాసిండ్రు?"

"పేన్ల మందు సార్."

"నేను పెద్దామెను అడుగుతున్న. రాసింది మీరేనా అవ్వా?"

"నేనే సారూ. పొద్దుగాల..."

"పొద్దుగాలనే సార్. రాసి, గుడ్డ గట్టి, కదలకు అని కూసుండవెట్టింది. గుడ్డ కడితే పేన్లు ఊపిరాడక సస్తయట. పేన్లు మంచిగనే ఉన్నయ్. నా బిడ్డకే ఊపిరాడుతలేదు."

"తల కడిగిండ్రా?"

"లేదు సారూ. కడిగితే మందు పోతదని..."

"రూతమ్మా! ఆ గుడ్డ తీసెయ్. చేతులకు తొడుగులేస్కో. జుట్టు మొత్తం కత్తిరించు. సబ్బుతోని తల, మెడ, వీపు కడుగు. నేను ఆపమనేదాక కడుగుతనే ఉండు."

"జుట్టంతనా సార్? దసరకు జడేస్తనని పెంచిన..."

"జుట్టు మల్ల వస్తదమ్మా. నోట్లకెళ్లి చొంగ ఎప్పటిసంది?"

"అన్నం పెట్టినప్పటిసంది. ఆకలికి అనుకున్న. చెమటలు వట్టినయ్, ఎండకు అనుకున్న. 'అమ్మా, నువ్వు మసకమసక కనబడుతున్నవ్' అన్నది. ఆటకు అంటుందనుకున్న."

"కంటిపాప సూదిమొనంత అయింది. పేన్ల మందు ఎక్కువైతే ఫిట్సు వస్తయ్, ఇట్ల కాదు. సీసా తెచ్చిండ్రా?"

"పలిగింది సార్."

"ఎట్ల?"

"చేతులకెళ్లి జారి..."

"ఇసిరికొట్టింది సారూ. నా మీద."

"కోపమచ్చింది సార్! కన్నబిడ్డ వాలిపోతుంటే 'జరసేపు పండుకోనియ్, తగ్గుతది' అన్నది. మీకైతే కోపం రాదా?"

"సరే. సీసా మీద లేబుల్ అన్న చూసిండ్రా? ఎర్రగుర్తో, పుర్రె బొమ్మో ఉంటది. మింగితే ఏం చెయ్యాలె, ఒంటికి తగిలితే ఏం చెయ్యాలె, విరుగుడేంది, అన్నీ దాని మీదనే ఉంటయ్."

"మా ఇంట్ల లేబుళ్లు లేవు సార్."

"లేకపోవుడేంది?"

"మా వాడకట్టుల మల్లేశం ఇంట్ల సోదా అయింది. అటక మీద పుర్రె బొమ్మ సీసా దొరికింది. 'గిది బాంబుల మందారా? అన్నలకు ఎవలు మోస్తున్నరు?' అని బజార్ల మోకాళ్ల మీద నడిపిచ్చిండ్రు. అది పాయఖాన కడిగే ఆసిడ్ సార్. ఆయిన 'పాయఖాన, పాయఖాన' అని మొత్తుకుంటే, తమనే తిడుతున్నడని ఇంకో నాలుగు తగిలిచ్చిండ్రు."

"అయితే?"

"అయితే ఏముంది? ఎర్రగుర్తు, బొమ్మ, డేంజర్ అనే మాట, ఏది కనవడ్డా తీసెయ్యమన్నడు మా ఆయిన. సీసాలన్ని ఒక్క తొట్టిల నానవెట్టి గీకిన. లేబుళ్లు పొయ్యిల ఏసిన."

"మీరు చదువుకున్నరా?"

"బీఎస్సీ సార్. కరీంనగర్ల."

"బీఎస్సీ చదివి విషానికి పేరు లేకుంట చేసిండ్రు."

"మల్ల రాసిన గద సార్! తెల్లచీటీల మీద, గుండ్రటి అక్షరాలతోని, మెతుకులు పెట్టి అతికిచ్చిన. ఈమెకు చదువు రావాలని రాత్రిబడికి నేనే తోల్కపోయిన. అప్పటిదాక ఈమె ముక్కుతోని చదివేది. ప్రతి డబ్బ మూత దీసుడు, వాసన జూసుడు. కుక్క లెక్క."

"అమ్మా..."

"ఉన్నమాటే సార్. వాడకట్టంత నవ్వేటోళ్లు."

"నవ్విచ్చింది ఎవలు?"

"ఏమన్నవ్ అత్తమ్మా?"

"ఏమనలే."

"అవ్వా, మీరు చెప్పుండ్రి. మందు రాసేటప్పుడు ఏం చూసిండ్రు?"

"చీటి జూసిన సారూ."

"చీటి జూసిందట! పలక మీద 'అ' రాయమంటే చెయ్యి వణికే మనిషి..."

"ఆమెను చెప్పనియ్యుండ్రి."

"చదివిన సారూ. 'పే' అని కూడబలుక్కున్న. దాని పక్కన 'న'కు కింద లవత్తు ఉండె. వత్తులు నాకు సరింగ రావు. వేలువెట్టి రెండుమాట్ల దిద్దుకున్న. పేన్ల మందు. ఎవల్నీ అడగకుంట నేనే చదివిన. సంబురమైంది."

"మరి వాసన చూడలేదా?"

"చూడలే. అదే అచ్చింది."

"ఏం వాసన?"

"నల్లుల మందు వాసన. మంచం కోళ్లకు పోస్తం సూడు సారూ, గది. దీపంల పోసే గ్యాసునూనె లెక్క ముక్కుకు కొడ్తది."

"ఇన్నరా సార్? వాసన తెలిసింది, అయినా పసిపిల్ల నెత్తి మీద పోసింది! తెలిసి పోసింది!"

"తెలిసి గాదు పిల్లా. ముక్కు ఒకటి చెప్పింది, చీటి ఒకటి చెప్పింది. ఎవల మాట ఇనాలె? ముక్కు మాట ఇంటే నలుగుర్ల కుక్క అంటవు. చీటి నువ్వు రాసింది. అంత చదువుకున్నది తప్పు రాస్తదా అని నా ముక్కునే తిట్టుకున్న."

"నేను తప్పు రాయలే."

"తొట్టిలకెళ్లి తీసినంక పేన్ల మందు, నల్లుల మందు రెండు సీసలు ఒక్క తీర్గ ఉండె. నేను వాసన జూసి చెప్త అన్న."

"అనలే."

"అన్న. నవ్వినవ్. కుక్కలకు గూడ రాత్రిబడి పెట్టాలె అన్నవ్. రంగు జూసి అతికిచ్చినవ్."

"సార్, ఈమె తన తప్పు నా మీదికి..."

"అమ్మా, ఎవల తప్పో నాకు అక్కర్లేదు. వాసనొక్కటే నమ్మలేను, అసొంటి వాసన చాన మందులకు ఉంటది. పాపను చూస్తే నల్లుల మందు లెక్కనే ఉన్నది. దానికి సూది ఉన్నది. గని చిన్న మోతాదు గాదు, పొద్దుమీకేదాక ఇస్తనే ఉండాలె. మందు అది కాకపోతే, ఆ సూదే పాప పానం తీస్తది. మీరేమో పేన్ల మందే అంటున్నరు. ఖాయమేనా?"

"పేన్ల మందే సార్. నేనే రాసిన గద."

"సీసా పలిగినప్పుడు మీకు ఏం వాసన వచ్చింది?"

"నాకు పడిశం సార్."

"పడిశమా? పొద్దుగాల పక్కింట్ల ముచ్చటవెట్టుకుంట, మనింట్ల పోపు మాడుతుందని ఉరికచ్చినవ్."

"నువ్వు నోరు ముయ్యి!"

"మూస్తనే ఉన్న, నువ్వు అచ్చినకాడికెళ్లి. సీస గోడకు తగిలి పలిగినంక ఇల్లంత గుప్పుమన్నది. నువ్వు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నవ్. పడిశమున్నోళ్లు పెట్టుకుంటరా సుమిత్రా? మల్ల వంగినవ్. గాజుపెంకులల్ల చీటి ఏరి పొయ్యిల ఏసినవ్. పొల్లను ఎత్తుకునుడు దానెనుక."

"అబద్ధం! సార్, అబద్ధం!"

"రూతమ్మా, ఊపిరి ఎట్లున్నది? ఆఁ? ఇంక తగ్గిందా? అమ్మా, తొందరగ చెప్పుండ్రి."

"మా ఆయినకు తెలుస్తే నన్ను ఇంట్లకు రానియ్యడు సార్."

"మీ ఆయన సంగతి నాకెందుకు? పాప సంగతి చెప్పుండ్రి."

"అత్తమ్మా, నువ్వు చెప్పు. నల్లుల మందు సీస నేనే తీసిన, కండ్లు కనవడక పోసిన అని చెప్పు. నువ్వు ముసలిదానివి, నిన్ను ఎవలేమంటరు? చంద్రమౌళి నీ కొడుకేనాయె. రెండు దినాలు మాట్లాడడు, గంతే."

"చెప్తనే. నా మనుమరాలు లేస్తదంటే ఏమన్న చెప్త. సారూ, నల్లుల మందే. నేనే పోసిన. సూది ఎయ్యుండ్రి, మీ కాల్మొక్త."

"అవ్వా, ఇప్పుడు ఆమె చెప్పమంటే చెప్పుతున్నరు. నా ముంగటనే. ఈ మాట మీద నేను ఆ సూది ఎట్ల ఎయ్యాలె? మీరు చీటి చదివి పోసిండ్రు. ఆ సీసల ఏమున్నదో చీటి రాసినామెకే తెల్వాలె."

"సార్, మీరు డాక్టర్లు, మీకు తెల్వదా..."

"నాకు అనుమానమే ఉన్నది. మీకు తెలుసు."

"జమునా! ఓ జమునా! ఇటు సూడు బిడ్డా... సారూ, పొల్ల కండ్లు తెరుస్తలేదు! పెదువులు నల్లవడ్డయ్!"

"అమ్మా! చెప్పుండ్రి!"

"నల్లుల మందే సార్. సీస పలిగినప్పుడే తెలిసింది నాకు. సూది ఎయ్యుండ్రి. మా అత్త మంచిగనే చదివింది సార్... తప్పు రాసింది నేను."