పంచదార దొంగ

ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ ఎదురుగా కొడుకు కూర్చున్నాడు. పరదా అవతల, వరండా బెంచీ మీద తల్లి.

"ఒట్టేసి చెబుతున్నా డాక్టరమ్మా, మా అమ్మ దొంగ. కన్నతల్లిని అలా అనకూడదు, తెలుసు. కానీ ఉన్నమాట అంతే."

"మెల్లగా అనవయ్యా. బయటికి వినబడుతోంది."

"వినబడనీండి. వినని వాళ్ళెవరు మిగిలారు కనక? వీధి చివర కొట్టువాడికి చెప్పేశా, ఈవిడకి చక్కెర పలుకు అమ్మావంటే నీకూ నాకూ చెడుతుందని. పక్కింటివాళ్ళకి చెప్పా, ఎదురింటివాళ్ళకి చెప్పా. ఇంట్లో పంచదార డబ్బాకి తాళం, తాళంచెవి నా మొలతాడుకి. అయినా షుగరు దిగి చావదు. మరెక్కడ తింటోంది? గోడలు నాకుతోందా?"

"ఒరే చిన్నోడా..."

"ఆఁ! ఏంటి?"

"ఆకలేస్తోందిరా."

"చూశారా? విన్నారా డాక్టరమ్మా? నేను కల్పించి చెబుతున్నానా? కూర్చోవే అక్కడ! రక్తం తీసేదాకా నీళ్ళు తప్ప ఏమీ లేదన్నానా లేదా?"

"అన్నావులే నాయనా. ఊరికే చెప్పా."

"ఏమయ్యా, పొద్దున్నుంచీ ఏమీ పెట్టలేదా ఆవిడకి?"

"రాత్రి కూడా పెట్టలేదు. ఒక్కసారైనా మీ కాగితం మీద మంచి నంబరు చూద్దామని."

"నేను చెప్పానా అలా మాడ్చమని?"

"మీరు చెప్పలేదమ్మా. మీకు చదువుంది కాబట్టి జాలి ఉంటుంది. మాకు అనుభవం ఉంది. మా ఐసు డిపోలో పిల్లి చేప ఎత్తుకుపోతే ఏం చేస్తాం, ఒక రోజంతా గదిలో పెట్టి తలుపేస్తాం. మళ్ళీ ఆ వైపు తొంగి చూడదు."

"పిల్లీ, తల్లీ ఒకటేనా నీకు?"

"పిల్లే నయం. అబద్ధం ఆడదు."

"ఇదిగో, నోటికొచ్చినట్టు వాగక నేను చెప్పేది విను. నోట్లో మెతుకు పెట్టకపోయినా షుగరు పెరుగుతుంది. అది తెలుసా నీకు?"

"తినకుండానా? పొయ్యిలో కట్టె పెట్టకుండా పొగ ఎలా వస్తుందండీ?"

"కాలేయం దగ్గర కొంత చక్కెర దాపులో ఉంటుంది. మనం పడుకున్నాక అది వదులుతుంది. అందరికీ వదులుతుంది, నీకూ నాకూ కూడా."

"అంటే నేనూ దొంగనేనా?"

"నువ్వు ఇంకా పట్టుబడలేదు. సరే, నీ భాషలోనే చెబుతా. నీ డిపోలో ఐసు దిమ్మెల్ని చేపల కొట్లలోకి దించేది ఎవరు?"

"హమాలీలు."

"కదా? రక్తంలో చక్కెర నీ ఐసు దిమ్మె అనుకో. ఒంట్లో కండ అంతా కొట్లు. ఇన్సులిన్ నీ హమాలీ. పొట్ట వెనకాల క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది, ఆ హమాలీల్ని పంపేది అదే. వాడు వెళ్ళి కొట్టు తలుపు తడతాడు, కొట్టువాడు తీస్తాడు, సరుకు లోపలికి పోతుంది. టైప్ టూ షుగరు వచ్చినవాళ్ళకి ముందు చెడేది హమాలీ కాదు. కొట్టువాళ్ళు మొండికేస్తారు. తలుపు బాదినా తియ్యరు."

"సరుకు వీధిలో కరిగిపోతుంది."

"కరగదు, అదే వచ్చిన తంటా. రక్తంలోనే తిరుగుతూ కళ్ళనీ, కిడ్నీల్నీ, కాళ్ళ నరాల్నీ కొరుకుతుంది. క్లోమం ఏమనుకుంటుంది? మనుషులు చాల్లేదేమో అనుకుంటుంది. ఇంకా పంపుతుంది, ఇంకా ఇంకా పంపుతుంది. ఒకడు చేసే పనికి పదిమంది. ఎన్నాళ్ళు పంపగలదు? ఏళ్ళ తరబడి అలా చాకిరీ చేసీ చేసీ అదీ చతికిలబడుతుంది. ఇక అప్పుడు కొట్లూ తెరవరు, హమాలీలూ రారు. మీ అమ్మ ఇప్పుడు అక్కడుంది. బయటినుంచి సూదితో కూలీల్ని పంపుతున్నది అందుకే."

"అంటే ఆవిడ ఒళ్ళు కూడా ఆవిడలాగే మొండిదన్నమాట."

"ఒళ్ళు మొండికేస్తే తిట్లకి లొంగదయ్యా. నడిపించాలి, వేళకి తిండి పెట్టాలి, మందు సరిగ్గా పడాలి."

"ఒరే... ఒరే చిన్నోడా, ఆ ఫ్యాను వెయ్యమనరా. చెమటలు పోస్తున్నాయి."

"ఫ్యాను నీ నెత్తిమీదే తిరుగుతోంది కదే! చూశారా, ఇదీ వరస. తప్పుచేసిన వాళ్ళకి చెమటలు పట్టవూ మరి? డాక్టర్ దగ్గరికి రాగానే పోలీసుని చూసిన దొంగలా అయిపోయింది."

"పిలుస్తానుండు లోపలికి."

"ఒక్క మాటమ్మా, ఆవిడ వచ్చేలోపు చెప్పేస్తా. ఒప్పుకుంది కూడా."

"ఏమని?"

"తిన్నానని. మా పిల్లలూ, మా అత్తగారివాళ్ళూ అందరూ ఉన్నప్పుడు నిలబెట్టి అడిగా. మొదట లేదు లేదంది. కాళ్ళ మీద పడింది. సరే, నిజం చెప్పేదాకా కంచం లేదన్నా. మర్నాటికి దారికొచ్చింది. అవున్రా, తిన్నాను అంది."

"ఏం తిందట?"

"అదే తమాషా. ఏం తిన్నావే అని అడిగితే, నువ్వేదంటే అదేరా అంది."

"హుఁ."

"మా ఆవిడ పడి పడి నవ్వింది. పిల్లలకి ఇప్పుడు అదే ఆట. ఇంట్లో ఏది కనబడకపోయినా, నానమ్మ తినేసింది అంటారు. చెప్పులు కనబడకపోయినా అంతే."

"నవ్వుతున్నావా?"

"నవ్వక ఏడవమంటారా? ఇంతకీ ఈవిడ సంగతి తేల్చండి. ఇంకా గట్టి సూది ఏదైనా ఉంటే రాయండి."

"నేను రాసిన డోసుకి ఇంత షుగరు ఉండటానికి వీల్లేదు. అదే నాకు అంతుపట్టటం లేదు. నిజంగానే చాటుగా తింటోందేమోనని నాకూ అనిపించింది."

"హమ్మయ్య. ఇప్పటికి నా మాట నమ్మారు."

"ఉండు, తొందరపడకు. సూది ఎవరు వేస్తారు?"

"నేనే. ఇంకెవర్నీ నమ్మను."

"ఎంత వేస్తున్నావు?"

"మీరు రాసినంతే వేశా మొదట్లో. దిగలేదు. ఒక గీత పెంచా. దిగలేదు. ఇంకో గీత పెంచా. మొండి ఒళ్ళని ఇప్పుడు మీరే అన్నారు కదా, మొండోడికి ఒక దెబ్బ ఎక్కువే వెయ్యాలి."

"నన్నడగకుండానా? ఎందాకా పెంచావు?"

"సిరంజి నిండా."

"నిండానా! ఒరే బాబూ, అంత వేస్తే ఆవిడ ఎప్పుడో నేలమీద పడిపోయి ఉండాలి!"

"రాయిలా ఉందమ్మా. ఇందాక అరిచింది విన్నారుగా."

"నువ్వు చెప్పేది ఏదీ అతకటం లేదు. అంత ఇన్సులిన్ పోతే ఎంత తిన్నా కరిగించేస్తుంది. మందు ఎక్కడ పెడుతున్నావు?"

"ఐసు డిపో వాణ్ణి పట్టుకుని ఆ మాట అడుగుతారేంటి డాక్టరమ్మా! మీరు చల్లగా పెట్టమన్నారు కదా, మా అంత చల్లగా పెట్టేవాడు ఈ చుట్టుపక్కల లేడు. దిమ్మెల మధ్య గొయ్యి తీసి డబ్బాలో పెట్టి, పైన రంపపు పొట్టు కప్పి గోనె వేస్తా. అక్కడ చేపని పెడితే కన్ను కూడా మసకబారదు."

"గడ్డ కడుతోందా?"

"కట్టకుండా ఎలా ఉంటుంది? రాయే. పొద్దున్నే వేన్నీళ్ళ చెంబులో వేసి కరిగించి ఎక్కిస్తా. ఏంటమ్మా, అలా చూస్తారు?"

"ఏవండీ... ఏవండోయ్... గొడ్లని తోలుకొచ్చారా..."

"ఏంటావిడ, ఎవరితో మాట్లాడుతోంది?"

"ఎవరితోనో లెండి, పాత సోది. చచ్చిపోయిన మా నాన్నతో. మీరు చెప్పండి, ఎందుకలా చూశారు?"

"చల్లగా పెట్టమన్నాను గానీ గడ్డకట్టించమన్నానా? ఒక్కసారి గడ్డకడితే ఇన్సులిన్ చచ్చిపోతుందయ్యా. మళ్ళీ కరిగించినా అందులో పస ఉండదు. ఇన్నాళ్ళూ నువ్వు మీ అమ్మకి పొడిచింది నీళ్ళు."

"నీళ్ళా?"

"నీళ్ళే. సిరంజి నిండా కాదు, బిందె నిండా పొడిచినా షుగరు దిగదు. ఆవిడ తిన్నా దిగదు, తినకపోయినా దిగదు."

"అయితే మా అమ్మ..."

"తినలేదు. ఏమీ తిని ఉండదు."

"లేదులెండి. తింది. ఒప్పుకుంది కదా."

"కంచం లాక్కుంటే ఎవరైనా ఒప్పుకుంటారు."

"మరి అందరి ముందూ ఎందుకు ఒప్పుకున్నట్టు? ఊరంతా దొంగ దొంగ అని చాటింపు వేసినట్టు చెప్పుకొచ్చానే నేను! మా బావమరిది ముందు, మా హమాలీల ముందు... డాక్టరమ్మా, మీకు దణ్ణం పెడతా, ఈ ఐసు సంగతి ఈ గది దాటనీయకండి."

"అదా నీ బాధ?"

"నా పరువు కూడా చూడాలి కదండీ. మందు మార్చారనీ, అప్పట్నుంచీ బుద్ధి తెచ్చుకుని దొంగతనం మానేసిందనీ చెప్పుకుంటా. ఆవిడకి పోయేదేముంది? ఎలాగూ పోయిన పేరే."

"నీలాంటి కొడుకు శత్రువుకి కూడా వద్దయ్యా. సరే, అది నీకూ నీ దేవుడికీ మధ్య. రేపట్నుంచి కొత్త బుడ్డి, నేను మొదట రాసిన డోసు. ఒక్క గీత ఎక్కువ వేశావంటే ఊరుకోను. నీ ఐసు దగ్గరికి మాత్రం తీసుకుపోకు. ఫ్రిజ్ లేకపోతే నీళ్ళకుండలో, తడవకుండా కట్టి పెట్టు."

"కొత్త బుడ్డి ఉందమ్మా నా దగ్గర. నిన్న పాతది కరిగిస్తుంటే వేడికి పగిలి చచ్చింది. ఇవాళ వస్తూ ఈ ఎదురు షాపులో కొన్నా. ఇదిగో."

"దీన్ని ఐసులో పెట్టలేదు కదా?"

"ఇంకెక్కడిది, జేబులోనే ఉంది. షాపువాడు ఫ్రిజ్‌లోంచి తీసిచ్చాడు."

"మూత తీసి ఉందేం?"

"వేశానుగా. వేళ తప్పకూడదని మీరే అంటారు కదా. ఇక్కడ జనం చాలామంది ఉన్నారు, మన వంతు ఎప్పటికో అని, ఆ బెంచీ మీదే పొడిచేశా."

"ఎంత?"

"రోజూ వేసేంతే."

"నిండానా? నిండా వేశావా? ఖాళీ కడుపున?"

"రోజూ అంతే కదండీ వేసేది..."

"రోజూ నీళ్ళు వేశావురా! ఇవాళ మందు వేశావు! ఎంతసేపయింది? చెప్పు, ఎంతసేపయింది?"

"మీ గది ముందు జనం ఇంకా ఉన్నారు, అప్పుడు... చాలాసేపే..."

"మీ అమ్మ అలికిడి లేదేం?"

"అలిగి పడుకుని ఉంటుంది లెండి. కాస్త కసిరితే అలానే..."

"లే! అడ్డం లే! అమ్మా! అమ్మా, ఇటు చూడు! అయ్యయ్యో, ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయింది. చెయ్యి చూడు ఎలా వణుకుతోందో. నర్సమ్మా! పైగదిలోంచి గ్లూకోజు సీసా, పరుగెత్తు! నువ్వు అలా నిలబడతావేంటి? నా బల్ల మీద టీ పక్కన పంచదార సీసా ఉంది, పట్రా!"

"పంచదారా? మా అమ్మకా?"

"మీ అమ్మకే! షుగరు అడుగంటిపోయింది. ఇందాక ఆకలంది, చెమటలంది, లేని మనిషితో మాట్లాడింది, అంతా అందుకే. నీ కూతలు వింటూ నేనూ కూర్చున్నాను చూడు, నన్ననాలి ముందు!"

"ఇదిగో... ఇదిగోనమ్మా. చెంచా లేదు..."

"వేలితో పెడతాలే. అమ్మా, వింటున్నావా? నోరు తెరువు. కాస్త తెరువు తల్లీ."

"ఎవరూ..."

"నేను, డాక్టర్ని. ఇది చప్పరించు."

"ఏంటది..."

"పంచదార."

"వద్దు. వద్దు. అమ్మో, వద్దు తల్లీ..."

"పళ్ళు బిగబట్టేసింది. ఏయ్, నువ్వు చెప్పవయ్యా, నీ మాటైతే వింటుంది! తొందరగా! స్పృహ తప్పితే ఇక నోట్లో ఏదీ పెట్టలేను!"

"అమ్మా... అమ్మా, నేనే, చిన్నోణ్ణి. తినవే. నేనే పెడుతున్నా, చూడు, నా చేత్తోనే. ఏమీ అననే. తిను అమ్మా, నీకు దణ్ణం పెడతా, తిను!"

"నేను తినలేదురా నాయనా. కావాలంటే నోరు వాసన చూడు."