ఫిరంగి గీసిన కూడలి

బోర్డులు రాసే పెయింటరుకి ఫిరంగి అని పేరు పెట్టిందెవరో గానీ, వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. నోరు తెరిస్తే పేలడమే. ఆ సాయంత్రం కూడా వదిన టీ కొట్టు ముందు నలుగురు చేరారో లేదో, బెంచీ మీద కాలు మీద కాలేసుకుని గొంతు సవరించాడు.

వదిన అంటే అతని సొంత అన్న భార్యే. ఇరవై ఏళ్ళుగా ఆ కూడలి పడమటి వైపు, గ్రంథాలయం మేడ నీడలో కొట్టు నడుపుతోంది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆమె ధ్యాస పని మీద లేదు. రెండుసార్లు పాలు పొంగించింది. దర్జీ టీలో పంచదార వెయ్యడమే మరిచిపోయింది, పాపం ఆయన కిక్కురుమనకుండా తాగేశాడు. ఐదింటికి ఇంజినీరమ్మ వస్తుంది, కూడలి సంగతి తేల్చేస్తుంది.

కూడలిని కొత్తగా కట్టాలని ఆఫీసువాళ్ళు అనుకున్నప్పుడు, జనాన్ని అడక్కుండా రాయి కూడా కదపనని పట్టుబట్టిన మనిషి ఆ ఇంజినీరమ్మ. కాగితం మీద ప్లాను చూస్తే ఎవరికేం తెలుస్తుంది, నేల మీద సున్నంతో గీయిద్దాం, ఎనిమిది రోజులు జనాన్ని అందులో తిరగనిద్దాం, నచ్చనిది చెరిపించుకుంటారు, మిగిలిందే కడదాం అంది. గీసే పని ఫిరంగికి అప్పజెప్పింది. ఆ ఎనిమిది రోజులూ ఇవాళ్టితో సరి. నేల మీద గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉంటే వదిన కొట్టు నిలుస్తుంది. మారితే లేచిపోతుంది.

“నేనేదో గొప్పలు చెప్పుకోవాలని కాదు గానీ,” మొదలుపెట్టాడు ఫిరంగి, “మొదటి గీత తాడు పట్టకుండా గీశాను.”

“నిజమే, తాడు ఇంట్లో మరిచిపోయి వచ్చావుగా,” అన్నాడు దర్జీ.

“మరిచిపోవడమా! తాడు నా చేతికి అడ్డం బాబాయ్. ఊపిరి బిగబట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగు లాగాను. కొలవడానికొచ్చినవాడు టేపు పెట్టి చూసి, టేపే వంకరగా ఉందని విసిరికొట్టి కొత్తది కొనుక్కున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముసలమ్మలు ముగ్గురొచ్చి, నాయనా, ఇక్కడో చెట్టుంటే బాగుణ్ణు అన్నారు. దానికేం భాగ్యం అని గీశాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ గీత చుట్టూ చల్లగా ఉంది. సాయంత్రానికి కాకి గూడు కూడా కట్టింది.”

“సున్నం గీత మీద గూడా?” అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

“గూడంటారేంటి మాస్టారూ, మూడు గుడ్లు! నేల మీద చెట్టు కదా, ఎగిరే శ్రమ లేకుండా కాకి నడుచుకుంటూ వెళ్ళి పెట్టింది.”

అందరూ ఘొల్లుమన్నారు. వదిన నవ్వలేదు. అసలు సంగతి తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

కొట్టు పర్మిట్ పని మీద వెళ్ళినప్పుడు ఆఫీసు గోడకి అంటించిన అసలు ప్లాను ఆమె చూసింది. అందులో బెంచీలూ చెట్లూ తూర్పున, ఎండకి మాడిపోయే గోడ పక్కన ఉన్నాయి. బండ్లు నిలిపే చోటేమో సరిగ్గా ఆమె పొయ్యి ఉన్న చోట ఉంది. ఫిరంగికి ఇచ్చిన కాగితంలో గళ్ళూ సున్నాలే తప్ప అక్షరం ముక్క లేదు. ఉత్తరం ఎటో చెప్పడానికి మూలన ఒక బాణం, అంతే. మొదటి రోజు పొద్దున్నే ఈ మహానుభావుడు టీ తాగి గ్లాసు తీసుకెళ్ళి ఆ బాణం మీదే పెట్టాడు. తడికి సిరా అలుక్కుపోయింది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కూడలి మొత్తం గీసేశాడు. బండ్ల చోటు ఎండగోడ కిందికి పోయింది, బెంచీలు నీడలోకి, వదిన కొట్టు ముందుకి వచ్చాయి.

ఆ రోజు సాయంత్రం కాగితం మీద గుండ్రటి మరక చూడగానే ఆమెకి సంగతి అర్థమైంది. మడిచి పంచదార డబ్బా కింద దాచేసింది. అబద్ధమైతే ఆడలేదుగా, చెప్పలేదంతే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనసు మాత్రం ఊరుకోలేదు.

“ఇంకా విను బాబాయ్,” ఫిరంగి ఊపందుకున్నాడు. “అక్కడ నీళ్ళ తొట్టి గీశానా, లారీ డ్రైవరొకడు దిగి, బకెట్టు ముంచి రేడియేటర్లో పోసుకుని నాకు దండం పెట్టి పోయాడు.”

“లారీ నడిచిందా మరి?” అన్నాడు దర్జీ.

“నడవడమా? ఆపితే ఆగడం లేదట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ మాట ఆనోటా ఈనోటా పాకి, పక్క ఊరివాళ్ళు వాళ్ళ కూడలిని చాపలా చుట్ట చుట్టి లారీలో వేసుకొచ్చేశారు. అన్నా, మాది కూడా నువ్వే గీసిపెట్టాలి అని కాళ్ళావేళ్ళా పడ్డారు. సరే పరచండర్రా అన్నాను. మధ్యాహ్నానికి గీసి, ఆరబెట్టి, మళ్ళీ చుట్టి ఇచ్చాను. తీరా వెళ్ళాక చూస్తే ఒక సందు మన దగ్గరే మిగిలిపోయింది. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చుట్టూ తిరిగి పోతున్నారు.”

వీడు కోతలన్నీ కోస్తాడు గానీ చెప్పాల్సింది ఒక్కటీ చెప్పడు, అనుకుంది వదిన. చక్రాల కుర్చీలో వచ్చే పుస్తకాల కొట్టాయన తనకి మలుపు చాలడం లేదంటే ఆ ఒక్క మలుపునీ పదకొండుసార్లు చెరిపి గీశాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, ఇటా, ఇంకాస్త ఇటా అని అడిగాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. మరిది మీద ఆమెకి ఎంత కోపమో అంత ముద్దు కూడా వచ్చింది.

“పెయింటరుగారూ, ఆ మిగిలిన సందు ఎక్కడుంది?”

అందరూ తిరిగి చూశారు. వెనక ఇంజినీరమ్మ ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

ఫిరంగి బెంచీ దిగాడు గానీ మాట దిగలేదు. “మడతపెట్టి ఇంట్లో ఉంచాను మేడమ్.”

“సరే. ఫైల్లో ఒక కారణం రాయాలి. బెంచీలు ఈ వైపు ఉండాలని ఎవరు ఆలోచించారు?”

“ఇంకెవరు మేడమ్, నేనే! ఎండ ఎటొస్తుంది, నీడ ఎటు పోతుంది, వారం రోజులు లెక్కగట్టి మరీ…”

ఇక వదిన ఆగలేకపోయింది. పోతే కొట్టు పోతుంది అనుకుంది. పంచదార డబ్బా ఎత్తి కాగితం తీసి బల్ల మీద పరిచింది. “వీడు లెక్క కట్టలేదమ్మా, కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు. ఇదిగో బాణం, ఇదిగో దాని మీద నా టీ గ్లాసు మరక. తెలిసీ ఎనిమిది రోజులు దాచాను, తప్పు నాది.”

ఫిరంగి కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

ఇంజినీరమ్మ నవ్వేసింది. “నాకు మొదటి రోజే తెలుసక్కా. ఆ రోజే చెరిపించేద్దామని వచ్చాను. ముగ్గురు ముసలమ్మలు ఇళ్ళ నుంచి కుర్చీలు తెచ్చుకుని నీడలో, గీతల మధ్య కూర్చున్నారు. లేవండమ్మా, తప్పు గీశారు అన్నాను. ముందు మమ్మల్ని చెరుపు, తర్వాత గీతలు చెరుపుదువు గానీ అన్నారు. నా ప్లాను మూడు నెలలు గోడ మీదుంది, దాని దగ్గర ఒక్కరూ ఆగలేదు.” ఫైలు తెరిచి చూపించింది. గీతలు ఉన్నవి ఉన్నట్టే ఖాయం, టీ కొట్టుతో సహా. “సోమవారం నుంచి పని మొదలు. గీతలు మళ్ళీ పెయింటరుగారే వెయ్యాలి, ఈసారి రంగుతో. ఎన్నిసార్లు చెరపమన్నా విసుక్కోని మనిషి నాకు ఇంకొకరు దొరకరు.”

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “అయితే ఫైల్లో రాసుకో తల్లీ, కూడలిని మార్చింది నా గ్లాసు అని. మా మరిది దాన్ని అక్కడ పెట్టాడంతే.”

దర్జీ పొలమారి టీ అంతా చొక్కా మీద పోసుకున్నాడు. ఫిరంగి ముఖం కందగడ్డలా అయింది. వదిన అతని చేతిలో వేడి టీ పెట్టి, కాగితాన్ని లాగేసుకుంది.

ఫిరంగి ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. మెల్లగా మళ్ళీ కాలు మీద కాలు వేసుకున్నాడు.

“అన్నీ అన్నారు గానీ,” అన్నాడు, “ఆ గ్లాసు సరిగ్గా ఆ బాణం మీదే ఎందుకు పెట్టానో తెలుసా?”