సిద్ధరాములు గారి నీలం గడి

1961 జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై మూడేళ్ల ప్రాయంలో శ్రీ చిట్యాల సిద్ధరాములు గారు కుంఠా నాకా దగ్గరి మన చద్దర్ల కార్ఖానాలో గుమాస్తాగా అడుగుపెట్టారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాయడమే ఆనాడు ఆయనకు అప్పగించిన బాధ్యత. ముప్పై అయిదేళ్లపాటు ఆయన ఆ ఒక్క పనే చేశారు; అయితే ఆయన చేతిలో అది నేతపనితో సమానమైంది.

చద్దర్ల మీది నక్షలు గీసే గళ్ల కాగితాలను వరుసగా అతికించి, అడ్డంగా ఏడాదిలోని రోజులు, నిలువుగా సాంచెల, అంటే మగ్గాల నంబర్లు వేసి, జబ్బు సెలవుకు ఎరుపు, పెళ్లిళ్లకు పసుపు, హక్కు సెలవుకు ఆకుపచ్చ నింపేవారు. ఏడాది చివర గోడకు తగిలిస్తే, ఎండాకాలపు పెళ్లిళ్లు పసుపు అంచుగా, వానాకాలపు జ్వరాలు ఎర్రపూలుగా, అది ఎవరూ ఇంకా నేయని చద్దరులా కనబడేది. కార్మికులు దూరంగా నిలబడి తమ ఏడాదిని తామే చూసుకునేవారు.

అన్నింటికన్నా కింది వరుస సిద్ధరాములు గారిది. అందులో ఏటా ఒకే ఒక్క సెలవు, ఒక నీలం గడి. ఆ రంగుకు అర్థం ఎక్కడా రాసి ఉండేది కాదు. 1994లో కార్ఖానాకు కంప్యూటర్ వచ్చినప్పుడు, పట్టికను అందులోకి ఎక్కిస్తూ ఆపరేటర్ కుమారి సరోజ అక్కడే ఆగిపోయారు.

"కాకా, కారణం లేకుంటే మెషిన్ ముందుకు పోదు. ఈ సుట్టీ దేనికి?"

"ఊరికెనే, బిడ్డా."

"ఊరికెనే సుట్టీ ఎవరన్న తీస్కుంటరా?"

"దినాం పదకొండు గొట్టంగ నేనీడ ఉంట. ఆ యాళ్లకు మన గల్లీ ఎట్లుంటదో నాకెర్క లేదు. ఏడాదికోపారన్న సూడొద్దా?"

దాజీ పేట్‌లోని తమ ఇంటి అరుగు మీద ఒరిగి, ఇరుగుపొరుగు మగ్గాల చప్పుడు వింటూ, ఆరేసిన రంగు నూలు నీడ నేల మీద మెల్లమెల్లగా జరగడం చూడటమే ఆ రోజు ఆయన పని. సరోజ నవ్వి, కారణాల జాబితాలో 'ఊరికే' అని ఒకటి కొత్తగా చేర్చారు.

ఈ జనవరిలో గత సంవత్సరపు హాజరు, సెలవుల పట్టిక మొదటిసారిగా కంప్యూటర్ నుంచి వెలువడింది. ఒకరు రాని రోజున వారి మగ్గం నడిపే బదిలీ కార్మికులలో, పట్టిక ప్రకారం రెండు వందల నలభై రోజులు పనిచేసినవారిని పర్మనెంట్ చేస్తామని యాజమాన్యం మాట ఇచ్చింది. శనివారానికి పట్టిక చేరాలి. గురువారం సాయంత్రం ఆ పొడవాటి కాగితం పరచి చూస్తుండగా సిద్ధరాములు గారి వేలు పద్దెనిమిదో మగ్గం దగ్గర ఆగింది. కాలు విరిగి పది నెలలు మంచం దిగని మల్లప్ప గారి వరుసలో ఒక్క సెలవూ లేదు.

"కాలు ఇంట్ల, పానం సాంచె మీద ఉన్నట్టుంది కాకా!" అన్నారు సరోజ.

ఆయన నవ్వలేదు. ఆ పది నెలలూ ఆ మగ్గం నడిపినది బదిలీ కార్మికుడు అంబాదాస్. పట్టికలో అతని పేరే లేదు.

"తప్పు మెషిన్ది గాదు బిడ్డా, నాది. మన్సుల్ని సాంచె నంబర్తోని పిల్సి పిల్సి, నంబరే మనిషి అనుకున్న. సాంచెకొక లైను సాలని నీకు జెప్పింది నేనే."

బదిలీవారు నడిపిన రోజుకు గడి మూలన చిన్న చుక్క పెట్టడం ఆయన అలవాటు. ఆ చుక్క సంగతి కంప్యూటర్‌కు చెప్పడం మరిచారు; కనుక మగ్గం నడిచిన ప్రతి రోజునూ అది ఆ మగ్గం అసలు కార్మికుడి హాజరుగానే లెక్కించింది.

మర్నాడు శుక్రవారం ఆయన నీలం గడి రోజు. మంజూరైన సెలవు చీటీని ఆయనే చింపేశారు. పొద్దంతా గళ్ల కాగితం మీది చుక్కలను ఆయన ఒక్కొక్కటిగా చదవగా, సరోజ ప్రతి రోజుకూ మగ్గం నంబరు పక్కన మనిషి పేరును వేరుగా ఎక్కించారు. సాయంత్రానికి కొత్త పట్టికలో అంబాదాస్‌కు ఒక వరుస వచ్చింది: రెండు వందల అరవై ఒక్క రోజులు.

పర్మనెంట్ కాగితం చేతబట్టుకుని అంబాదాస్ ఆయన కాళ్లకు మొక్కబోయాడు. "కాకా, అంత నీ పున్నెమే!"

"ఏం పున్నెంరా? నీ పేరు తుడ్సింది నేనే, రాసింది నేనే. పో, ఆడ సాంచె ఆగింది సూడు!"

ఆ తర్వాత ఆయన ఆ సెలవు మళ్లీ అడగలేదు. కనుక ఈ మే ముప్పై ఒకటిన పదవీ విరమణ చేసే నాటికి, ఆయన చివరి ఏడాది వరుసలో నీలం గడి లేదు. జూన్ ఒకటి నుంచి మిగిలినవన్నీ ఖాళీలే. వాటన్నిటికీ సరోజ 'ఊరికే' అన్న కారణమే ఎక్కించి, అచ్చు తీసి, ఒక నీలం పెన్సిల్‌తో సహా ఆయనకు అందజేయనున్నారు.

సతీమణి శ్రీమతి సుందరాబాయి గారితో కూడి, చక్కని ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ ఆ అరుగు మీద కూర్చుని, పదకొండు గంటల గల్లీని తనివితీరా చూస్తూ, సిద్ధరాములు గారు రోజుకొక్క గడి చొప్పున తీరికగా ఆ రంగు నింపుకోవాలని మనసారా కోరుకుంటున్నాము.